పుస్తకంల లేని మాట

బీడీలు చేసే ఆడోళ్లకు చేతులకే పని గని చెవులకు పనుండదు. చాట ఒళ్లె పెట్టుకొని కూసున్నరంటే పొద్దుగూకెదాక వేళ్లు వాటంతటవే ఆడుతనే ఉంటయి. ఆకుల తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. చెవులు మాత్రం ఖాళీ. ఖాళీ చెవులు ఊకుంటయా? ఎవలింట్ల ఏం లొల్లి, ఎవల కోడలు ఎవలతోని మాట్లాడుతలేదు, గివే ముచ్చట్లు. పోనీ టీవీ పెడితే కండ్లు దాని మీదికి పోయి బీడీ వంకర తిరుగుతది, కార్ఖానల పక్కకు పడేస్తరు. అందుకే నిజామాబాద్ అర్సపల్లిల సవిత ఇంటి వరండల వేరే రివాజు పుట్టింది. ముగ్గురు బీడీలు చేస్తుంటే ఒకామె పుస్తకం చదువుతది.

చదివేది సవితే. ఇంటర్ దాక చదువుకున్నది, గొంతు మంచిది, ఏడ్చేకాడ ఏడ్పు, నవ్వేకాడ నవ్వు పలికిస్తది. చదివినంత సేపు తన చేతుల బీడీ ఉండదు గద, అందుకని లేచే ముందు మిగిలినోళ్లు తలా ఇన్ని బీడీలు ఆమె చాటల ఏసి పోతరు. ఎవలూ లెక్కపెట్టరు. కథ మంచిగున్ననాడు గుప్పెడు నిండుగ పడ్తయి, బాగలేనినాడు వేళ్ల సందుల నుంచి జారినట్టు నాలుగు రాల్తయి. పుస్తకం మీద అభిప్రాయం ఇంతకన్న సాఫ్‌గ ఎవలు చెప్తరు?

దయ్యాల కథలైనయి, అత్తాకోడళ్ల నవలలైనయి. ఈసారి సవిత గ్రంథాలయం నుంచి ఒక చరిత్ర నవల తెచ్చింది. పేరు 'పొగగొట్టం నీడల'. రాసినాయన రాజారాం, బోధన్ మనిషి. నిజాం జమానల బోధన్‌ల శెక్కర ఫ్యాక్టరీ లేస్తుంటే అక్కడికి చెరుకు కొట్టనీకి వచ్చిన సాయవ్వ అనే ఆమె కథ.

మొదటినాడే నాగవ్వ అడ్డం తగిలింది. నాగవ్వ పక్కింటామె, ఏ మాటనైనా ఏర్లదాక తవ్వంది ఇడిసిపెట్టదు.

"జర ఆగు సవితా. గిది అయ్యిందా, కాలేదా?"

"కొంత అయ్యింది, కొంత కాలేదు. ఫ్యాక్టరీ నిజం, రజాకార్లు నిజం. సాయవ్వను మాత్రం రాసినాయన పుట్టిచ్చిండు."

"అంటే సగం నిజం, సగం అబద్ధం."

"అనుకో."

"గట్లైతే మా ఆయన మాటలె గద. దానికి పుస్తకమెందుకు?" అని నాగవ్వ పండ్లతోని దారం తెంపింది. అన్నది గని లేచి పోయిందా? పోలే. మర్నాడు అందరికన్న ముందు వచ్చి కూసున్నది ఆమెనే.

రాధాబాయిది ఇంకో రంధి. ధర్మాబాద్ దిక్కు పుట్టి ఈ గల్లీకి కోడలై వచ్చినామె, మాట్లాడితే తెలుగుల మరాఠీ కలుస్తది. రాజు ఎవడు, ఫ్యాక్టరీ ఎవడు కట్టిండు, ఆమెకు అక్కర్లేదు. "అగ బాయి, ఇన్ని పేజీలైనయి, ఆ పోరి ఒక్క పూటన్న తిన్నదా? చెరుకు కొట్టేటోళ్లకు ఆకలి కాదా? జొన్నరొట్టె తిన్నదని ఒక్క మాట రాస్తే ఈయన సొమ్మేం పోయింది?" అని రోజూ గదే పాట. ఆమె పోరు పడలేక సవిత ఒక ఉపాయం చేసింది. కథల సందు దొరికినకాడల్లా తనే సాయవ్వ చేతుల ఓ రొట్టె, ఓ ఉల్లిగడ్డ పెట్టి చదువుడు షురూ చేసింది. రాధాబాయి కడుపు నిండింది. రాసినాయనకు తెలిస్తే ఏమంటడో గని, ఆయన ఈడ లేడు గద.

ఇగ భూమవ్వ. అందరికన్న పెద్దది, ఎనభైకి దగ్గర పడ్డది, అయినా బీడీ చుట్టితే సన్నగ, సాఫ్‌గ వస్తది. ఈ దిక్కు కన్నతల్లినీ అవ్వనే అంటరు, పెద్దమనిషినీ అవ్వనే అంటరు. గల్లీ మొత్తానికి ఆమె అవ్వ. ఆమె కథ మీద ఒక్కనాడు మంచి అనలే, చెడు అనలే. వింటది, పోతది. ఆమెకు ఒక్కటే వంకర గుణం. ఎవలన్న పోతపోత "వస్త అవ్వా" అంటే అందరి తీరు "పోయిరా బిడ్డా" అనదు. మొకం పక్కకు తిప్పి, "వచ్చినప్పుడు సూద్దాం" అంటది. కొడుకు డ్యూటీకి పోతున్నా గదే మాట, మనుమరాలు అత్తగారింటికి పోతున్నా గదే మాట. ఆ పెండ్లి పిల్ల గడప దాటుతుంటే గట్లన్నదని కోడలు ఇప్పటికీ గునుస్తది. ముసలామె గుణం గంతే అని గల్లీల అందరు నవ్వి ఊకున్నరు గని, ఎందుకని అడిగినోళ్లు లేరు.

ఆనాడు కథ మంచి పట్టు మీదికి వచ్చింది. రజాకార్ల లొల్లి ముదిరింది. సాయవ్వ మొగడు జైల్ల పడ్డడు. ఆమె పేరు గూడ ఎవలో చెప్పిండ్రు, తెల్లారితే పట్టుకపోతరు. చిన్న బిడ్డను అత్త చేతుల పెట్టి బండెక్కాలె. నాగవ్వ నోరు మూసుకొని వింటున్నదంటే చూసుకోండ్రి. సవిత గొంతు తగ్గిచ్చి చదివింది.

"సాయవ్వ గడప దాటింది. వెనక్కి తిరిగింది. బిడ్డ తలుపు పట్టుకొని నిలబడ్డది. 'వస్త బిడ్డా' అన్నది సాయవ్వ."

భూమవ్వ చేతుల బీడీ ఇచ్చుకపోయింది. తంబాకు ఒళ్లె రాలింది. ఆమె చేతుల బీడీ ఇచ్చుకపోవుడు ఎవలూ ఎన్నడు చూడలే.

"మల్ల సదువు," అన్నది.

సవిత పుస్తకంల వేలు పెట్టి మూసి ఉన్నది. తెరవకుంటనే, "'వస్త బిడ్డా' అన్నది, అవ్వా. గంతే, ఇగ పోయింది," అని చెప్పింది.

"గీ మాట గాయనకు ఎవలు చెప్పిండ్రు?"

ఎవలికి సమజ్ కాలే. భూమవ్వ చాట కిందపెట్టింది. ఆమె ఆనాడు చెప్పిన మాటలు ఆ ముగ్గురు ఇన్నేండ్లల ఎన్నడు వినలే.

"నేను పుట్టింది బోధన్లనే. నేను ఇంత పోరిని. మా అవ్వ పొద్దుగాల నా మొకం కడిగింది, జుట్టు దువ్వింది. పొట్లంల ఇంత శెక్కర పోసి నా చేతుల పెట్టింది. గడప దాటి 'వస్త బిడ్డా' అన్నది. నేను గడపల కూసున్న. శెక్కర అయిపోయింది, ఆమె రాలే."

"ఎటు పోయిందవ్వా?" అని రాధాబాయి మెల్లగ అడిగింది.

"మనిషికో తీరు సెప్పిండ్రు. రైల్ల పనిజేసేటోనితోని పోయిందని మా మేనత్త. తొవ్వల గత్తరొచ్చి సచ్చిందని మా తాత. నాందేడ్ దిక్కు చెరుకు తోటల సూసినమని ఇంకోలు. నేను అందరి కథలు ఇన్న. ఎందుకు పోయిందన్నది నాకక్కర్లే. ఆకలికి పోయిందో, ఆశకు పోయిందో, గా కాలం అసొంటిది. రానిదానివి వస్తనని ఎందుకన్నవే అని గదొక్కటి అడగాలె. కన్నబిడ్డకు అబద్ధం జెప్పి పోతరా? గిదొక్కటి నాకు నమిలితే నమలరాదు, మింగితే మింగరాదు."

భూమవ్వనే మల్ల అన్నది. "ఆ మాట నేను ఎవలికి సెప్పలే. మా ఆయనకు గూడ సెప్పలే. మరి బోధన్‌ల ఉండే గాయనకు ఎట్ల తెల్సింది? మా అవ్వ బతికి, ముసల్దై, యాడనో గాయనకు సెప్పుకొని ఉంటది. గాయన పేరు మార్చి రాసిండు."

నాగవ్వ కండ్లు ఇంతింతైనయి. "నేను మొదటినాడే అడగలేదా, అయ్యిందా కాలేదా అని?" అన్నది. సవిత గూడ ఆ ఊపుల పడ్డది. వచ్చే ఆదివారం బోధన్‌ల ఒక బడిల ఈ నవల మీద పాఠకుల మీటింగ్ ఉన్నదని, రాజారాం సారు వస్తున్నడని, గ్రంథాలయం గోడకు కాగితం అంటిచ్చిండ్రని చెప్పేసింది. అందరు పోదామన్నరు. ఆనాడు సవిత చాటల బీడీలు పొంగిపొర్లినయి.

వాళ్లు పోయినంక సవిత ఆ పేజీకి ఆనవాలు పెడదామని పుస్తకం తెరిచింది. సారుకు చూపియ్యాలె గద. వేలు పెట్టి ఆ వాక్యం వెతికింది. దొరికింది. 'పోతున్న బిడ్డా' అన్నది సాయవ్వ.

సవిత కండ్లు నలుపుకొని మల్ల చదివింది. పోతున్న బిడ్డా. ముందు పేజీ చూసింది, వెనక పేజీ చూసింది. 'వస్త' అనే మాట ఎక్కడా లేదు. రొట్టెలైతే తనే పెట్టింది, అది తనకు ఎరుకనే. కని ఈ మాట తను మార్చలే. మార్చిన సంగతే ఎరుక లేదు. కండ్లు 'పోతున్న' అని చూసినయి, నోరు 'వస్త' అని పలికింది. ఎందుకట్లయ్యింది? ఒక్కసారి పైకి అని చూసింది, ఎవలూ లేని వరండల. "పోతున్న బిడ్డా." గడప కాడ ఆ మాట అంటే ఎవలో సచ్చినట్టున్నది. చిన్నప్పుడు తను బడికి పోతూ "పోతున్న" అంటే అమ్మ మూతి మీద కొట్టి, "వస్త అను" అని మల్ల లోపలికి పిలిచి మల్ల పంపేది.

తెల్లారి చెప్పేద్దామనుకున్నది. తెల్లారి చూస్తే భూమవ్వ పెట్టెల నుంచి పచ్చ చీర తీసి ఎండకేసింది. మనుమరాలి పెండ్లికి కట్టిన చీర అది. "గాయన మా అవ్వను ఎట్లున్నప్పుడు సూసిండో. పండ్లుండెనో, ఊడినయో," అని తనల తనే అనుకుంట మడతలు సవరిస్తున్నది. సవిత చెప్పకుంటనే వెనక్కి మళ్లింది. నాగవ్వకు చెప్పుదామంటే నాగవ్వ నోట్ల నువ్వుగింజ నానదు. ఆదివారం దాక ఎట్ల గడిచిందో ఆమెకే ఎరుక. చదువు బంద్ పెట్టింది, గొంతు బాగలేదని అబద్ధం చెప్పింది.

ఆదివారం నలుగురు బోధన్ బస్సెక్కిండ్రు. జానకంపేట దాటినంక సవిత ధైర్యం చేసింది.

"అవ్వా, కథల్ల రాసినయన్ని నిజం కావు. ఆయన ఊహించి రాసిండు."

"ఎరుకనే. నాకు పిచ్చి పట్టలే."

"మరి?"

"కథ అబద్ధమే కావచ్చు బిడ్డా. మాట ఊకెనే పుడ్తదా? ఎవలో అంటెనే ఇంకోలు రాస్తరు." భూమవ్వ కిటికీల నుంచి చూస్తనే ఉన్నది. ఎడపల్లి దాటినంక పొలాలు, అక్కడక్కడ పసుపు చేన్లు, దూరంగ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం కనవడ్డది. దాని నుంచి పొగ రాక ఏండ్లయింది. "ఒకప్పుడు చెరుకంతా ఈడనే," అని గంతే అన్నది ముసలామె. సవిత సంచిల పుస్తకం బండ కట్టినట్టు బరువైంది.

బడిల హాలు సగం నిండింది. రాజారాం సారు సన్నటి మనిషి, తెల్లటి జుట్టు, మాట్లాడుడు కన్న వినుడు ఎక్కువున్నట్టు కనవడ్డడు. మీటింగ్ నడిపేది సంజన మేడమ్, కాలేజీల పాఠం చెప్తది. "మొహమాటం లేకుండ అభిప్రాయాలు చెప్పుండ్రి, సారు అందుకే వచ్చిండు," అన్నది. అనుడే ఆలస్యం, మనోళ్లకు మొహమాటం ఎక్కడిది?

రామ్‌దాస్ అని ఒక రిటైర్డ్ పంతులు లేచిండు. నవల్ల పొగగొట్టం నీడ పొద్దుగాల పడమర దిక్కున్న గుడిసెల మీద పడ్డదని రాసిండ్రు గని, గుడిసెలు ఉండేది తూర్పుకని, చరిత్ర నవల అన్నంక దిక్కులన్న సక్కగుండాలెనని వాదం పెట్టిండు. గుడిసెలు రెండు దిక్కుల ఉండెనని ఇంకొకాయన అన్నడు. రామ్‌దాస్ సారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సురేందర్ అనే పోరడు లేచి, చరిత్ర అంటే కత్తులు, గుర్రాలు ఉండాలె, ఇందుల చెరుకు గడలే ఉన్నయి, నాకైతే బోర్ కొట్టిందన్నడు. సంజన మేడమ్ మాత్రం, బడి పుస్తకాలల్ల రాజుల పేర్లు చదివి మర్చిపోయిన, ఈ సాయవ్వను మర్చిపోలేకపోతున్న, నిజంగ పుట్టిన రాజుకన్న పుట్టని సాయవ్వ నాకు దగ్గరైంది, గిదేం విచిత్రమో అన్నది. ఆ మాటకు రాజారాం సారు తల దించుకొని నవ్విండు.

సవితకు ఇవన్నీ వింటుంటే ఒక దిక్కు భయం, ఒక దిక్కు వింత. ఒక్కటే పుస్తకం. అందరు గదే చదివిండ్రు. ఒకనికి నీడ కనవడ్డది, ఒకనికి లేని గుర్రం కనవడ్డది. భూమవ్వ వాళ్ల అవ్వ సంగతి గూడ గిట్లనే గద, మేనత్తకో తీరు, తాతకో తీరు.

"అయ్యిందా, కాలేదా?" అని వెనక నుంచి నాగవ్వ గొంతు లేచింది. ఆగుతదా మరి.

రాజారాం సారు నిమ్మళంగ చెప్పిండు. "ఫ్యాక్టరీ అయ్యిందమ్మా. సాయవ్వ కాలే. కని సాయవ్వ అసొంటోళ్లు మస్తుమంది ఈ తొవ్వలనే పోయిండ్రు. వాళ్ల పేర్లు ఎవలూ రాసుకోలే. అందుకే ఒక పేరు పెట్టిన."

"రొట్టెలు మాత్రం మంచిగ రాసిండ్రు సారు," అని రాధాబాయి అన్నది. "పోరి కడుపు నిండ తిన్నది." సారు అయోమయంగ చూసిండు. సవిత కుర్చీల ఇంకింత కిందికి జారింది.

అప్పుడు భూమవ్వ లేచింది. పచ్చ చీర కొంగు భుజం మీద సర్దుకొని, ముందు కుర్చీ పట్టుకొని నిలబడ్డది.

"కొడుకా, నాకు సదువు రాదు. ఈ బిడ్డ సదివితే ఇన్న. సాయవ్వ గడప దాటి 'వస్త బిడ్డా' అన్నదని రాసినవ్ సూడు. గా మాట నీకు ఎవలు సెప్పిండ్రు? ఆమె యాడ కలిసింది నీకు?"

రాజారాం సారు చేతుల ఉన్న పుస్తకం తిప్పిండు, పేజీ తీసిండు. ముసలామె మొకం చూసిండు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

"అవ్వా, నేను గట్ల రాయలే. 'పోతున్న బిడ్డా' అని రాసిన." ఆయన గొంతు జర తగ్గింది. "ఆ ఒక్క మాట కోసం మస్తు కొట్టుకున్న. ముందు 'వస్త' అనే రాసిన, మల్ల కొట్టేసిన. సాయవ్వ మల్ల రాదు, ఆమెకు ఎరుకే. కన్నబిడ్డకు ఆమె అబద్ధం చెప్పుడు నాకు ఇష్టం లేకుండె."

భూమవ్వ నిలబడే ఉన్నది. తను ఇన్నేండ్లు అనుకున్న మాటనే ఆయన నోట వచ్చింది. రాని మనిషి 'వస్త' అంటే అబద్ధమే. సవిత ఇగ కూసోలేకపోయింది.

"తప్పు నాది," అని లేచింది. "పుస్తకంల 'పోతున్న' అనే ఉన్నది. 'వస్త' అని నేను చదివిన."

అందరి కండ్లు ఆమె మీద పడ్డయి. నాగవ్వ నోరు తెరిచింది. భూమవ్వ మాత్రం మెల్లగ తిరిగింది. కోపం లేదు ఆమె మొకంల. ఏదో వెతుకుతున్నట్టున్నది.

"నీ కండ్లకు 'పోతున్న' అని కనవడ్డదా?"

"కనవడ్డదవ్వా."

"కనవడ్డంక గూడ 'వస్త' అన్నవ్."

"అన్న."

"నన్ను మోసం జేద్దామనా?"

"అయ్యో, నాకు నీ సంగతి ఏమెరుక? నువ్వు మల్ల చదవమన్నప్పుడు గూడ గదే అన్న. గట్ల అన్నట్టు గూడ నాకెరుక లేదు. పొద్దూకినంక పుస్తకం చూస్తె తెలిసింది." సవితకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. "ఆమె గడప కాడ ఉన్నది. బిడ్డ ఎదురుంగ నిలబడ్డది. గక్కడ నిలబడి బిడ్డతోని 'పోతున్న' అనుడు నోటికి రాలే, అవ్వా. అచ్చుల ఉన్నా రాలే."

"నోటికి రాలే," అన్నది భూమవ్వ.

"రాలే."

"అబద్ధం జెప్పాలనైతే కాదు."

"కాదవ్వా. నీ మీద ఒట్టు."

ముసలామె కుర్చీల కూసున్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందేమో అనుకున్నరు అందరు. ఏడ్వలే. పక్కనున్న రాధాబాయికి చెప్తున్నట్టే అన్నది, కని హాలు మొత్తానికి వినవడ్డది.

"ఎవలదో బిడ్డ, ఎవలదో కథ. పుస్తకం సూసి సదివేదానికే నోరు రాలే. కన్నదానికి ఎట్లొస్తదే? నా మొకం కడిగి, శెక్కర చేతుల పెట్టి, నా కండ్లల్లకు సూసుకుంట 'పోతున్న' అని ఎట్లంటది? దానికి గూడ నోరు రాలే. అబద్ధం గాదది. నేనే గడపల కూసోని ఇన్నేండ్లు దాన్ని తిట్టుకుంటున్న."

రాజారాం సారు వేదిక దిగి ఆమె దగ్గరకు వచ్చిండు. మోకాళ్ల మీద కూసున్నడు. "అవ్వా, మల్ల అచ్చు ఏస్తప్పుడు ఆ మాట మార్చమంటవా?"

భూమవ్వ ఆయనను ఎగాదిగా చూసింది. "నీ సాయవ్వను ఎట్ల సాగదోలుకుంటవో నీ ఇష్టం కొడుకా. నాకేం అడుగుతవ్? నువ్వు మంచిగనే ఆలోచించినవ్. మా అవ్వ నోట్ల నుంచి ఏమొచ్చిందో నాకు ఎరుక, గది సాలు." అని, "ఆ సాయవ్వ బండెక్కినంక బతికిందా?" అని అడిగింది.

"అది చెప్తే నవల ఎవలు చదువుతరు?" అన్నడు ఆయన. హాలు నవ్వింది. రామ్‌దాస్ పంతులు గూడ నవ్విండు, నీడ సంగతి మర్చిపోయి.

తిరుగు బస్సుల నాగవ్వ సవితను నిలదీసింది. "ఇంకేమేం మార్చినవే? అయినయి ఎన్ని, కానియి ఎన్ని?" రొట్టెల సంగతి బయట పడ్డది. రాధాబాయి జర సేపు అలిగి కూసున్నది. జానకంపేట కాడ తనే తేరుకొని, "ఆయన పెట్టకుంటె నువ్వన్న పెట్టినవ్, ఉపాసం ఉండుడు తప్పింది పోరికి. రేపటి నుంచి గూడ పెట్టు," అన్నది. నాగవ్వ ఒప్పుకోలే. రొట్టె వచ్చిన కాడ వేలు ఎత్తాలెనని, ఏది ఆయనదో ఏది సవితదో తెలియాలెనని షరతు పెట్టింది. భూమవ్వ వీళ్ల లొల్లి ఏదీ వినలే, కిటికీకి తల ఆనిచ్చి నిద్రపోయింది.

అర్సపల్లిల దిగేసరికి ఇంకా పొద్దున్నది. సవిత ముసలామె చెయ్యి పట్టుకొని వాళ్ల ఇంటి దాక తీసుకపోయింది. అరుగు మీద కూసోబెట్టి నీళ్లు తెచ్చిచ్చింది.

"రేపు సదువుతవా?" అన్నది భూమవ్వ.

"చదువుతనవ్వా."

"ఉన్నది ఉన్నట్టు సదువు. 'పోతున్న' అని ఉంటె 'పోతున్న' అనే సదువు. ఇన్నంక ఏమైతదో సూద్దాం."

"సరె," అన్నది సవిత. తన ఇల్లు గల్లీకి అవతల, ఎదురుంగనే. గడప దిగుతూ అలవాటు కొద్దీ, "వస్త అవ్వా," అన్నది. అన్నంక నాలుక కరుచుకున్నది. ఆ మాటకు ఏం జవాబు వస్తదో గల్లీ మొత్తానికి ఎరుకనే.

భూమవ్వ మొకం తిప్పలే. గోడ పట్టుకొని లేచి గడప దాక వచ్చింది.

"పోయిరా బిడ్డా," అన్నది.

లోపల పొయ్యి కాడున్న కోడలు ఆ మాట విని, చేతుల గంటెతోనే బయటికి వచ్చింది. సవిత గల్లీ దాటింది, తన ఇంటి తలుపు తీసింది, వెనక్కి తిరిగి చూసింది. ముసలామె ఇంకా గడపలనే నిలబడ్డది.